రంగు తిరిగిన వెండి

తెల్లారి లేవగానే మంగీలాల్ చేసే పని ఒకటుండేది. బోరింగు కాడ నాలుగు చెంబులు పోసుకొని, ఉతికిన ధోవతి కట్టుకొని, సేవాలాల్ మహరాజ్ పటం ముందు దీపం పెట్టి, అటక మీది రేకు డబ్బా దించుకొని అరుగు మీద కూర్చునేవాడు. తూర్పున టేకు చెట్ల సందుల్లోంచి ఎండ ఏటవాలుగా వచ్చి అరుగును తాకుతుంది. అది పైకి ఎక్కిపోయేలోపల ఆయన తన పని ముగించుకోవాలి. డబ్బాలోంచి ఒక కాగితం పొట్లం తీసేవాడు. రోజుకు ఒక్కటే. లోపలి తెల్లగుడ్డ పీలికను పక్కకు జరిపి, పాత వెండి రూపాయిని అంచుల మీద రెండు వేళ్లతో పట్టి, ఆ ఎండలో అటొకసారి ఇటొకసారి వంచి చూసేవాడు. చూసి, మళ్లీ మడిచి, డబ్బాలో అన్నిటికన్నా వెనక పెట్టేవాడు.

మొత్తం నలభై ఒక్క పొట్లాలు. ఒక బిళ్ళ మొహం మళ్లీ చూడాలంటే నలభై ఒక్క రోజులు ఆగాలి. అట్లా ఆగడం ఆయనకు ఇష్టంగానే ఉండేది. నీళ్ల బిందెతో పోతూ గంగక్క నిలబడి మరీ అడిగేది, "ఏం బావా, నీ రూపాయలు పిల్లల్ని పెట్టినయా ఇంకా లేదా?" అని. "చూలు మీదున్నయి, తొందరెందుకు" అనేవాడాయన. గంగక్క నవ్వుకుంటూ పోయేది. చాలా రోజుల్లో ఆయనతో ఎవరైనా మాట్లాడిన మాటలు అవే మొదలు, అవే ఆఖరు. పిల్లలు లేరు. ఇల్లాలు బాలి పోయి తొమ్మిదేళ్లయింది.

ఏన్కూరు నుంచి అడవి వైపు నాలుగు కిలోమీటర్లు పోతే వచ్చే తండా అది. మంగీలాల్ ముప్పై రెండేళ్లు ఆర్టీసీలో కండక్టరు. ఖమ్మం నుంచి కొత్తగూడెం మీదుగా, మణుగూరు దాటి పినపాక దాకా పోయే బస్సులో సగం జీవితం నిలబడే గడిపాడు. ఈ పిచ్చి కూడా ఆ బస్సులోనే పట్టింది. ఒకరోజు పినపాక దగ్గర ఎక్కిన కోయ ముసలమ్మ ఇచ్చిన చిల్లరలో ఒక పాత వెండి అర్ధరూపాయి వచ్చింది. ఆయన చూసుకునేసరికి ఆమె దిగి అడవిదారి పట్టింది. తన జేబులోంచి అర్ధరూపాయి తీసి సంచిలో వేసి, దాన్ని విడిగా దాచాడు. ఏడాది పాటు ఆ స్టేజీ వచ్చినప్పుడల్లా కిటికీలోంచి తల బయటపెట్టి ఆమె కోసం చూశాడు. ఆమె మళ్లీ కనబడలేదు. దాచిన బిళ్ళను ఒకనాడు పొద్దటి ఎండలో తీసి చూస్తే దాని అంచంతా నీలంగా ఉంది. పాలపిట్ట రెక్క విప్పితే కనబడే నీలం. వెండిలోకి నీలం ఎట్లా వచ్చిందో ఆయనకు అంతు పట్టలేదు.

ఖమ్మంలో వెండి దుకాణాల గల్లీలో రామ్‌చందర్ అని ఒక గుమాస్తా ఉండేవాడు. రోజూ మంగీలాల్ బస్సులోనే ఇంటికి పోయేవాడు. ఆయనకు చూపిస్తే బిళ్ళను చేతిలోకి తీసుకోకుండానే, ముందు అంచులు పట్టుకోవడం నేర్చుకోమన్నాడు.

"వెండికి గూడ వయసొస్తది కండక్టర్ సాబ్" అన్నాడు రామ్‌చందర్. "గాలి తగిలి, గుడ్డ తగిలి, ఏండ్లకేండ్లు చీకట్ల పడుకొని రంగు తిరుగుతది. దానంతట అదే రావాలె. ఒక్కసారి తోమినవా, పోయింది పోయినట్టే."

ఆ చదువంతా మంగీలాల్ బస్సులోనే చదువుకున్నాడు. ప్లాస్టిక్ కవరులో పెడితే చెమట పట్టి పచ్చగా జిగురెక్కుతుంది. రబ్బరు వేస్తే కిందంతా నల్లటి గీత పడుతుంది. వేలు తగిలితే ఆ వేలిముద్ర గోధుమరంగు తిరిగి అక్కడే ఉండిపోతుంది. పినపాక అర్ధరూపాయి మీద ఆయన బొటనవేలు అట్లాగే ఉంది, తెలియని రోజుల్లో పట్టుకున్నది. తేమ పీల్చడానికి డబ్బాలో నాలుగు సుద్దముక్కలు వేయాలి. వంటింటి పొగకు దూరంగా పెట్టాలి. ఇవన్నీ ఆయన నోములాగా పాటించాడు.

ఆ కాలంలోనే తండాలో ఆడవాళ్లు పాత బట్టలు, పాత నగలు పక్కన పెట్టి చీరల్లోకి మారారు. మెడల్లో వేసుకున్న రూపాయల హారాలు పెట్టెల్లో పడ్డాయి, కొన్నేళ్లకు కరిగించడానికి దుకాణాలకు పోయాయి. పోయేముందు మంగీలాల్ వాళ్ల గుమ్మంలో నిలబడి, దుకాణంవాడు ఇచ్చే రేటే తానిస్తానని ఒకటో రెండో బిళ్ళలు అడిగి తెచ్చుకునేవాడు. నైజాంవి చార్మినారు రూపాయలు, భద్రాచలం వైపు నుంచి కోడళ్లతో వచ్చినవి ఇంగ్లీషు రాజు తల రూపాయలు. ఏ బిళ్ళ ఎవరి మెడలోదో, ఏ గుడ్డలో ఎన్నేళ్లు పడుకుందో కాగితం మీద రాసి దాంట్లోనే చుట్టేవాడు. "గోప్యా తల్లి హారం. ఎర్ర రవికెలో ముప్పై ఏండ్లు." అంతే రాసేవాడు.

నలభై ఒకటో పొట్లం మీద మాత్రం "బాలి" అని ఒక్క మాటే ఉంది.

బాలి కూడా అందరిలాగే తన హారాన్ని పెండ్లినాటి అద్దాల రవికెలో చుట్టి పెట్టె అడుగున పెట్టింది. ఇరవై రెండేళ్ల తర్వాత అక్క కూతురు ఉషారాణి పెండ్లికి తీసింది. మిగతా బిళ్ళలన్నీ ఊరికే నల్లబడ్డాయి గానీ, నడిమి చార్మినారు రూపాయి రంగు తిరిగింది. ఆమె అదేం చూడలేదు. అప్పటికే గిన్నెలో చింతపండు నానబెట్టి కూర్చుంది. మంగీలాల్ ఉరికొచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

"ఏంది, పెండ్లినాడన్నా గిట్ల పట్టుకోలే" అంది బాలి.

ఎండలోకి తీసుకుపోయి వంచి చూపిస్తే ఆమె కళ్లు చిట్లించి అటూ ఇటూ చూసింది. తర్వాత, "అవ్, మంచిగున్నది. నల్లబడ్డదాన్ని చూసి మురిసెటోణ్ణి నిన్నే చూసిన" అంది. ఆ మర్నాటి నుంచి అరుగు మీద ఇద్దరూ కూర్చునేవాళ్లు. ఆమె రొట్టెలు కాల్చి వచ్చేదాకా ఆయన పొట్లం విప్పేవాడు కాదు. చూసినంతసేపు ఇద్దరూ మాట్లాడుకునేవాళ్లు కూడా కాదు. బాలి పోయినప్పుడు హారంలో మిగతా వెండంతా ఆమె అక్కకూతుళ్లకు పంచి, ఆ నడిమి రూపాయి ఒక్కటి నాకివ్వండని అడిగాడు. ఎవరూ అడ్డు చెప్పలేదు.

నాలుగేళ్ల కింద ఆయన కళ్లలో పొర మొదలైంది. ముందు దీపం చుట్టూ వలయం కనబడింది, తర్వాత బస్సు బోర్డులు అలుక్కుపోయాయి, ఆ తర్వాత బిళ్ళల రంగులు. అన్నీ ఒకటే పసుపు, ఒకటే మసక. అయినా పొద్దున పొట్లం విప్పడం మానలేదు. ఎండలో వంచి, ఇక్కడ ఎరుపుండాలి, ఇక్కడ నీలముండాలి అని మనసులో అనుకొని మడిచేసేవాడు. చూడటమనేది పోయి తలచుకోవడం ఒక్కటే మిగిలింది.

పక్కింటి కోటేష్ భార్య కళ్యాణి ఆశా వర్కరు. ఆయనకు చుట్టమేమీ కాదు. అయినా పొద్దున రెండు జొన్నరొట్టెలు తెచ్చి గిన్నె మూతపెట్టి పోయేది, ఆయన కిందామీదా పడకుండా గడప మీద సున్నంతో తెల్లగీత గీసింది. దేవుడు కొందరి చేతుల్లోనే ఉంటాడనిపించేది మంగీలాల్‌కు. కంటి క్యాంపు వస్తే ఆయన పేరు రాయించింది ఆమే. ఆయన రెండేళ్లు వాయిదా వేశాడు. ఈ ఆషాఢంలో ఒక పొద్దు బాలి రూపాయి విప్పితే అది రూపాయో, చెక్కముక్కో కూడా తెలియలేదు. ఆ రోజే పోయి కళ్యాణికి సరే అని చెప్పాడు. ఎందుకొప్పుకున్నాడో చెప్పలేదు. ప్రాణం పోయేముందు ఒకసారి రంగు తిరిగిన ఆ రూపాయిని తేటగా చూడాలి. ఆయన కోరిక అంతే.

తాళంచెవి కళ్యాణికిచ్చి ఖమ్మం పోయాడు. దవాఖానాలో మూడు రోజులు, దుమ్ము తగలొద్దని ఉషారాణి ఇంట్లో ఇంకో ఎనిమిది రోజులు. కట్టు విప్పిన నర్సమ్మ, కొన్నాళ్లు అన్నీ తెల్లగా, కొంచెం నీలంగా కనబడతాయి, భయపడొద్దని చెప్పింది. ఆయన భయపడలేదు. ఉషారాణి వాకిట్లో మందారాకు మీది ఈనెలు కనబడుతుంటే వాటినే చూస్తూ కూర్చున్నాడు. అక్కడున్నన్నాళ్లూ పొద్దటి ఎండ పడే వేళకు చేతులు ఊరికే ఒళ్ళో పెట్టుకొని కూర్చునేవాడు.

ఆయన ఊళ్లో లేనప్పుడే తండాలో అమ్మవారు సీత్లా యాడి పండుగ వచ్చింది. ఆ తండాలో ఒక పద్ధతి ఉంది. పండుగకు ముందు ఏ ఇంట్లో ఎంత వెండి ఉన్నా చింతపండు, బూడిద పెట్టి తెల్లగా తోమాలి. నల్లబడ్డ వెండితో ఉన్న ఇంటిని చూసి, ఇక్కడ ఆడదిక్కు లేదని అమ్మ అనుకుంటుందట. కళ్యాణి ఆ పద్ధతిలోనే పెరిగింది. మంగీలాల్ ఇల్లు అలికింది, గోడలకు సున్నం కొట్టింది, అటక దులుపుతూ రేకు డబ్బా దించింది.

తిరిగొచ్చిన మర్నాడు మంగీలాల్ మామూలుగానే స్నానం చేసి, దీపం పెట్టి, డబ్బా తెచ్చుకున్నాడు. వరస తప్పించడం ఎప్పుడూ లేదు గానీ ఆ రోజు తప్పించాడు. "బాలి" అని రాసిన పొట్లం వెతికి తీశాడు. కాగితం విప్పి, గుడ్డ జరిపి, అంచులు పట్టి ఎండలోకి ఎత్తాడు.

తెల్లగా ఉంది. కొత్త పళ్లెంలా తెల్లగా ఉంది.

నర్సమ్మ చెప్పింది ఇదే కాబోలనుకున్నాడు. కళ్లు మూసి తెరిచాడు. పక్కన అరుగు ఎర్రమన్ను ఎర్రగానే ఉంది, ధోవతి అంచు పచ్చగానే ఉంది. ఇంకో పొట్లం విప్పాడు. ఇంకోటి. పినపాక అర్ధరూపాయి మీద తన బొటనవేలి ముద్ర లేదు. బిళ్ళను ముక్కు దగ్గర పెట్టుకుంటే పుల్లటి వాసన తగిలింది. అప్పుడర్థమైంది. ఎండ అరుగు దాటి పైకి పోయినా పొట్లాలు విప్పినవి విప్పినట్టే ఉన్నాయి.

రొట్టెల గిన్నెతో కళ్యాణి వచ్చింది. బిళ్ళలు చూడగానే మొహం వెలిగిపోయింది.

"చూసినవా పెద్దబాపు? ఎంత నల్లగైనయో. మూడు పొద్దులు తోమిన. నీకు కండ్లు ఆనక చూస్కోలేదు గని, పెద్దమ్మ ఉంటే అట్ల పెట్టనిచ్చేదా? ఏ కాగితంది ఆ కాగితంలనే పెట్టిన, కలపలే" అంది.

ఆమె వేళ్ల చివరలు చింతపండు పులుపుకు పగిలి ఉన్నాయి. మంగీలాల్ కొత్త కంటికి అవి స్పష్టంగా కనబడ్డాయి.

"మంచిగ మెరుస్తున్నయ్ బిడ్డా" అన్నాడు. మెరుస్తున్న మాట నిజమే గదా.

ఆమె పండుగనాడు ఆయన కోసం తీసిపెట్టిన గుగ్గిళ్ల ముచ్చట, అమ్మకు ఆయన పేరున కూడా మొక్కిన ముచ్చట చెప్పి డ్యూటీకి పోయింది. ఆయన ఒక్కొక్కటి మడిచి డబ్బాలో పెట్టాడు. ఆ తర్వాత చాలా రోజులు దీపమైతే పెట్టాడు గానీ డబ్బా దించలేదు. అరుగు మీద ఉత్త చేతులతో కూర్చునేవాడు. గంగక్క ఆగి, "ఏం బావా, బ్యాంకు మూసినవా?" అని అడిగితే నవ్వాడు. ఎవరికి చెప్పుకోవాలి? చెబితే, తెల్లగైతే మంచిదే గదా అంటారు. ఆ రంగులు చూసిన మనిషి ఇంకొక్కతే ఉండేది. ఆమె లేదు. కళ్యాణి మీద కోపం తెచ్చుకుందామని కూడా చూశాడు. పొద్దున రొట్టె తుంచినప్పుడల్లా అది రాకుండా పోయేది.

చివరికి ఒకనాడు బస్సెక్కి ఖమ్మం పోయాడు. రామ్‌చందర్ ముసలివాడైపోయాడు, కొడుకు దుకాణంలో మూలన కుర్చీలో కూర్చొని ఉన్నాడు. బాలి రూపాయి చూసి చాలాసేపు తల ఆడించాడు. తర్వాత దగ్గరికి జరిగి, మందు పెట్టి రంగు తెప్పించేవాళ్లు ఉన్నారని, తెలిసినవాడికే తప్ప తేడా కనబడదని మెల్లగా చెప్పాడు.

"నీకోసం చేయిస్త కండక్టర్ సాబ్. ఏ రంగు యాడుండాలెనో చెప్పు, గట్లనే తెప్పిస్తరు."

వద్దని చెప్పడానికే నోరు తెరిచాడు మంగీలాల్. మందు రంగు ఆయనకక్కర లేదు. బాలి రవికెలో ఇరవై రెండేళ్లు పడుకున్నది కావాలి, అది ఎవరూ తెప్పించలేరు. కానీ ఏ రంగు ఎక్కడ అనే మాట వినగానే మనసులో దాన్ని ఒకసారి చూసుకోబోయాడు. చార్మినారు మీద ఎరుపా, ఎరుపు చుట్టూ నీలమా? లేక నీలం లోపల ఉండి, ఎరుపు అంచుకు ఉందా? తేనెరంగు ఒకటుండేది, అది బొమ్మ వైపా, రాత వైపా? గుర్తు రాలేదు. ఎంత తడిమినా నాలుగేళ్ల మసకే చేతికొచ్చింది. రోజూ తలచుకుంటున్నా అనుకున్నది ఎప్పుడో కరిగిపోయింది, తాను మాటలు మాత్రమే వల్లించుకుంటూ వచ్చాడు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాడు. కండక్టరు కుర్రమనిషి, ఈయన పాత స్టాఫని తెలిసి నీళ్ల సీసా అందించాడు. తీసుకొని తాగడం కూడా మరచిపోయి చేతిలో పట్టుకొని కూర్చున్నాడు. బిళ్ళ తెల్లబడినప్పుడు కూడా ఇంత ఒంటరిగా అనిపించలేదు. బాలీ, తానూ కలిసి చూసినదాన్ని తనలో కూడా తాను పోగొట్టుకున్నాడు. ఇక లోకంలో అది ఎక్కడా లేదు.

ఏన్కూరులో దిగి తండా దారి పట్టాక, మోదుగ చెట్ల దగ్గర, కాళ్లు ఆగిపోయాయి. ఆ రంగులను ఇంకొక మనిషి చూసింది. నెల కూడా కాలేదు. మంచి కళ్లున్న మనిషి, పగటిపూట, ఒక్కొక్క బిళ్ళా చేతిలోకి తీసుకొని చూసే తోమింది.

అడగాలంటే వారం పట్టింది. అడిగితే కళ్యాణికి తాను చేసిందేమిటో తెలిసిపోతుంది. ఆమె రోజూ వచ్చి రొట్టె పెట్టి, తల ఎత్తి పట్టుకొని కంట్లో చుక్కలు వేసి పోతోంది. ఆ చేతులు మళ్లీ ఆ గడప తొక్కడానికి జంకితే? అడగకపోతే ఒక్కో రోజూ ఆమెకు కూడా మరుపు పడుతుంది. మహరాజ్ పటం ముందు కూర్చొని రెండు వైపులా ఆలోచించాడు. ఎనిమిదో నాటి పొద్దున ఆమె రాకముందే తానే లేచి పక్కింటికి పోయాడు.

కళ్యాణి వాకిట్లో చేటలో బియ్యం ఏరుతోంది. ఎన్నడూ రాని మనిషి వచ్చేసరికి కంగారుగా లేచి పీట వేసింది. కన్నేమైనా నొస్తుందా అని అడిగింది. నొప్పేం లేదన్నాడు. కూర్చొని, ఆమె మళ్లీ చేట అందుకొనేదాకా ఆగాడు. తర్వాత, ఆ వెండి అట్లా రంగు తిరగడానికి ఏళ్లు పడుతుందని, కొందరు దాన్ని అట్లాగే దాచుకుంటారని, తాను అటువంటి ఒక పిచ్చివాడినని, వేరే ఎవరి సంగతో చెబుతున్నట్టు మెల్లమెల్లగా చెప్పాడు.

బియ్యంలో కదులుతున్న ఆమె చెయ్యి ఆగింది.

"అయి తోమేటియి కావా పెద్దబాపు?" అంది.

"తోమేటియే బిడ్డా. మన తండల ఏ ఆడబిడ్డైనా తోముతది. బాలి గూడ చింతపండు నానబెట్టింది ఓనాడు. నేను నీకు చెప్పలే. ఇన్నేండ్లు ఎవ్వలకు చెప్పలే, చెప్పాలెనని తోచలే. అది నా తప్పు."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన చెయ్యెత్తి వద్దన్నట్టు ఊపాడు.

"ఏడ్వకు. నేను గందుకు రాలే. ఒక్క సాయం అడగనీకె వచ్చిన. మీ పెద్దమ్మ పేరు రాసిన కాగితంల రూపాయి... తోమేముంగట దాన్ని నువ్వు చూసినవ్. నీ కండ్లు మంచియి. నాకు గుర్తు లేకుంటైంది బిడ్డా. ఏ రంగు యాడున్నదో, గుర్తున్నకాడికి చెప్పు. తొందరేం లేదు, యాది తెచ్చుకో. నేను కూసుంట."